ఇంకో పొంగు రానిస్తే చాలదు

చెన్నైలో మేముండే అపార్టుమెంటులో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. నేను ఆహార పదార్థాలను పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తానని వాళ్ళందరికీ తెలుసు. అందుకే మిగిలిపోయిన వంట గురించి సందేహం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను ఆపి అడుగుతారు: "ఇంకో పొంగు రానిస్తే చాలు కదమ్మా?"

చాలదు. ఈ ఊరి ఎండల్లో ఆ నమ్మకంతో పసిపిల్లలకు, పెద్దవాళ్ళకు తిండి పెట్టడం చూస్తే నాకు భయమేస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మంటకు చచ్చే బాక్టీరియాలు ఉన్నాయి, కాదనను. సాల్మొనెల్లా అలాంటిదే. కోడిమాంసం, గుడ్ల వెంట ఎక్కువగా వస్తుంది. ముక్క నడిమధ్య దాకా 75 డిగ్రీల వేడి తగిలితే బతకదు. దానితో అసలు చిక్కు పొయ్యి మీద పెట్టకముందే మొదలవుతుంది. పచ్చి మాంసాన్ని కుళాయి కింద కడిగితే తుంపర్లు లేచి పక్కనే తరిగి పెట్టుకున్న కొత్తిమీర మీద, దోసకాయ ముక్కల మీద పడతాయి. వాటిని మనం ఉడికించం కదా.

అన్నం సంగతి వేరు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా మట్టిలో ఉంటుంది, వడ్లతోపాటు బియ్యంలోకి వస్తుంది. గడ్డు పరిస్థితుల్లో గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజంగా మారిపోతుంది. అన్నం ఉడికినా ఆ సిద్ధబీజాలు చావవు. గిన్నె గోరువెచ్చగా మారగానే మేలుకుని పెరగడం మొదలుపెడతాయి. పెరుగుతూ కొన్ని రకాలు వాంతులు తెప్పించే విషాన్ని అన్నంలోకి వదులుతాయి. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా చెడదు. మనింటి ప్రెషర్ కుక్కర్‌లో వేడి అంతకు మించదు. అంటే మధ్యాహ్నం వండి గట్టు మీదే వదిలేసిన అన్నాన్ని రాత్రి ఎంత వేడి చేసినా బాక్టీరియా చస్తుందేమో గానీ, అది వదిలిన విషం అలాగే ఉంటుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు పట్టుకుంటాయి. మా ప్రయోగశాలలో పోషకాలు నింపిన పరీక్ష ప్లేటు మీద ఈ బాక్టీరియా గులాబీ రంగు కాలనీలుగా, అంటే కంటికి కనిపించే గుంపులుగా, చుట్టూ తెల్లని మసక వలయంతో పెరుగుతుంది. ఆ ప్లేటు చూపిస్తే ఎవరికీ వేరే వివరణ అక్కర్లేదనిపిస్తుంది నాకు.

ఇక్కడ చద్దన్నం గురించి తప్పకుండా అడుగుతారు. చల్లారిన అన్నంలో నీళ్ళు పోసి కాస్త మజ్జిగ కలపడంలో మంచి తెలివి ఉంది. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పులుపు పెంచుతుంది, పులుపు పెరిగేకొద్దీ బాసిల్లస్ సీరియస్ లాంటివి ఎదగలేవు. ఇడ్లీ పిండిని పొంగించి పులిపించే ల్యూకోనోస్టాక్ కూడా అటువంటి మేలు చేసేదే. పులియనివ్వడం, ఊరికే బయట వదిలేయడం ఒకటి కావు.

కల్యాణ మండపాల వంటల్లో నేను ముందుగా చూసేది వడ్డించేవాళ్ళ చేతులనే. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా మన ముక్కులో, చర్మం మీద, చీము పట్టిన గాయాల్లో ఉంటుంది. ప్రయోగశాల ప్లేటు మీద నిగనిగలాడే నల్లటి కాలనీగా కనిపిస్తుంది. పాలకోవా లాంటి మిఠాయిలో తీపికి జంకదు. దాని విషం అరగంట మరిగినా నిలుస్తుంది. వేలికి గాయమైనవాళ్ళను ఆ రోజు వంటకు దూరంగా ఉంచడం తప్పనిసరి.

బిర్యానీ గుండిగల అడుగున ఇంకొకటుంది, క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్. దానికి గాలి గిట్టదు. లోతైన పాత్ర మధ్యలో గాలి ఉండదు, వేడి గంటల తరబడి దిగదు. 45 డిగ్రీల దగ్గర దాదాపు పది నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. దీని విషయంలో మాత్రం అడుగు దాకా ఆవిర్లు వచ్చేలా మళ్ళీ వేడి చేస్తే ఫలితముంటుంది. దీని విషం మన పేగుల్లోకి వెళ్ళాకే తయారవుతుంది కాబట్టి బతికున్న బాక్టీరియాను చంపితే చాలు. కానీ గుండిగంత పాత్రను అడుగు దాకా మళ్ళీ కాగనిచ్చే ఓపిక పెళ్ళి హడావిడిలో ఎవరికి ఉంటుంది? వడ్డన ఆలస్యమైతే 60 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా ఉంచాలి. మిగిలితే వెడల్పాటి పళ్ళేల్లో పలచగా పరిచి త్వరగా చల్లార్చి, 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ చలిలోనూ పెరిగే లిస్టీరియా అనే బాక్టీరియా ఒకటుంది గనుక, గర్భిణులు ఉన్న ఇంట్లో ఫ్రిజ్‌లోంచి తీసినదాన్ని పొగలు కక్కేలా వేడి చేయకుండా పెట్టకండి.

కాసిమేడు రేవుకు వెళ్ళి చేపలు కొనేవాళ్ళకు ఒక మాట. ట్యూనా, కానాగంతల వంటివి మంచు లేకుండా ఎండలో ఉంటే బాక్టీరియా వాటిలో హిస్టమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. పులుసు ఎంత మరిగినా హిస్టమిన్ పోదు. బుట్టలో మంచు లేకపోతే బేరమాడకుండా వెనక్కి వచ్చేయండి.

వేరుశనగ పప్పుల మీద పెరిగే ఆస్పర్జిల్లస్ బూజు సంగతీ ఇంతే. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్ళు లక్షకు పైగా చనిపోయాక, వాటి మేతలోని వేరుశనగ పిండిలో అఫ్లటాక్సిన్ అనే విషం బయటపడింది. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లోకి వెళితే కాలేయ క్యాన్సర్ తెచ్చే విషమది. వేయించితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ముడతలు పడినవి, రంగు మారినవి వేయించక ముందే ఏరి పారేయండి. నోటికి చేదు తగిలిన పప్పును మింగకుండా ఉమ్మేయమని పిల్లలకు నేర్పండి.