కొందరు సందేహించిరి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుని మాట అని ఒక్కో బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డులు తీయడం మీ సంఘంలోనూ ఉండే ఉంటుంది. మొన్న నా ముందు వరుసలో ఒకామె స్టీలు పళ్ళెంలోంచి కార్డు తీసి చదివి, మొహం ముడుచుకుని మళ్ళీ అందులోనే పడేసి ఇంకొకటి తీసింది. ఏందమ్మా అంటే, "లోకములో మీకు శ్రమ కలుగును అని వచ్చిందన్నా, ఈ ఏడు పాప పెళ్ళి పెట్టుకున్యాం" అంది. ఆ వచనంలోనే వెనకాల "ధైర్యము తెచ్చుకొనుడి" అని ఉంది కదా, అంతవరకైనా చదవలేదు. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. దేవుని మాటను రేషన్ షాపులో సరుకులా ఏరుకుంటున్నాం మనం.

సరే, నాకు వచ్చింది మత్తయి 28:20. "ఇదిగో నేను యుగసమాప్తివరకు సదాకాలము మీతో కూడ ఉన్నాను." అందరికీ ఇష్టమైన వాగ్దానం, మాకు తెలిసిన ఇళ్ళల్లో సగం గోడల మీద ఇదే ఉంటుంది. ఇంటికొచ్చాక నిద్ర పట్టక బైబిలు తెరిచి మూడు వచనాలు పైకి వెళ్ళాను. పదిహేడో వచనం: "వారు ఆయనను చూచి ఆయనకు మ్రొక్కిరి గాని, కొందరు సందేహించిరి."

ఈ వచనం ఉన్న వాగ్దాన కార్డు ఇంతవరకూ నా కంటపడలేదు.

ఇది జరిగింది గలిలయలో ఒక కొండ మీద. అక్కడ ఉన్నది పదకొండు మంది శిష్యులు, యేసును పట్టించిన యూదా ఇస్కరియోతు పోగా మిగిలినవాళ్ళు. మూడేళ్ళు వెంట తిరిగినవాళ్ళు, తిరిగి లేచిన ప్రభువును కళ్ళారా చూస్తున్నవాళ్ళు. అయినా కొందరికి అనుమానం. మత్తయి దాన్ని దాచలేదు, పేర్లు చెప్పి పరువు తీయనూ లేదు. కొందరు అన్నాడు, అంతే. (మనమైతే ఆ కొందరెవరో కనుక్కునేదాకా ఊరుకుంటామా.)

నాకు ప్రాణమైన సంగతి ఒకటుంది, కాస్త ఓపిక పట్టండి. ఇక్కడ "సందేహించిరి" అన్నచోట గ్రీకులో ఉన్న మాట దిస్తాజో. రెండు అనే లెక్క ఆ మాటలోనే ఉంది, ఒక మనిషి రెండు చోట్ల నిలబడినట్టు. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట రెండే రెండు చోట్ల వస్తుంది, రెండూ మత్తయిలోనే. మొదటిది పద్నాలుగో అధ్యాయంలో, పేతురు నీళ్ళ మీద నడుస్తూ గాలిని చూసి మునగబోయినప్పుడు: "అల్పవిశ్వాసీ, యెందుకు సందేహపడితివి". పేతురును తిట్టడానికి ఈ మాటను ఎన్ని ప్రసంగాల్లో విన్నామో లెక్కలేదు. కానీ ఆ వచనాన్ని మొదటినుంచి చదవండి. యేసు చెయ్యి చాపి పట్టుకున్నాడు, ఆ తర్వాత అడిగాడు. ముందు చెయ్యి, తర్వాత ప్రశ్న. ఇంకొకటి, ఆ రాత్రి మునిగే భయం పేతురుకే ఎందుకు వచ్చిందంటే దోనె దిగింది అతనొక్కడే కాబట్టి. తక్కిన పదకొండు మంది పొడి బట్టలతో కూర్చున్నారు, వాళ్ళకు సందేహపడాల్సిన అవసరమేముంది?

ఇప్పుడు రెండు చోట్లూ పక్కపక్కన పెట్టి చూడండి. దోనె దగ్గర పేతురు సందేహం ముందు, దోనెలోనివాళ్ళు యేసుకు మ్రొక్కడం తర్వాత. కొండ మీద మ్రొక్కడం ముందు, సందేహం వెనకే. మ్రొక్కడం, సందేహించడం రెండూ మత్తయి దగ్గర ఒకే ఇంట్లో ఉంటాయి. కొండ మీద ప్రభువు ఏం చేశాడు? సందేహించినవాళ్ళు ఇటు రండి అని విడదీయలేదు. పద్దెనిమిదో వచనం, "యేసు వారియొద్దకు వచ్చి". దగ్గరికి వచ్చాడు. వచ్చి సమస్త జనులను శిష్యులనుగా చేయమని ఆ పదకొండు మందికీ పని అప్పజెప్పాడు. సదాకాలము మీతో ఉన్నాను అన్న ఆ "మీతో"లో ఈ కొందరూ ఉన్నారు.

యాకోబు పత్రిక తీస్తారని తెలుసు. సందేహపడువాడు సముద్ర తరంగమును పోలియుండును, నిజమే. అది దేవుణ్ణి జ్ఞానం అడుగుతూనే ద్విమనస్కుడై ఉండేవాడి గురించి. సందేహంలో నలిగేవాడి నెత్తిన కొట్టడానికి రాసింది కాదు. కొట్టాలనిపిస్తే యూదా పత్రిక (ఇస్కరియోతు కాదు, ఈ యూదా వేరు) ఇరవైరెండో వచనం కూడా చూడండి, "సందేహపడువారిమీద కనికరము చూపుడి."

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే మా నాయన గుర్తొచ్చి. మాది గుత్తి దగ్గర పల్లె. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి వాన అనుకునే నేల, ఎర్రమట్టి, శెనక్కాయ తప్ప ఇంకేం వేయలేం. నాయన అప్పు చేసి బోరు వేయించాడు. సంఘానికి వచ్చిన ఒక ప్రసంగీకుడు పొలంలో నిలబడి ప్రార్థన చేసి, ఇక్కడే నీళ్ళున్నాయి, దేవుడు చూపించాడు అన్నాడు. రిగ్గు లారీ తెల్లారుజామున మొదలుపెట్టింది. మూడువందల అడుగులు, నాలుగువందలు, పైకి వచ్చేది పిండి లాంటి తెల్ల దుమ్మే. నాయన మాటిమాటికీ ఆ దుమ్మును పిడికిట్లో నొక్కి చూసేవాడు, తడి తగులుతుందేమోనని. ఆరువందల యాభై దగ్గర ఆపేశారు. ఆ సంవత్సరమే ఇంకో రెండు వేశాడు, అవీ అంతే. అడిగితే ఆ ప్రసంగీకుడు చెప్పింది ఒకటే, మీ ఇంట్లో ఎవరికో అవిశ్వాసం ఉంది అని.

నాయన గుడి మానలేదు. మాది లండన్ మిషన్ కాలంనాటి రాతి గుడి, 1947లో సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) కలిసినా ముసలివాళ్ళు ఇంకా లండన్ మిషన్ గుడి అనే అంటారు. ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చునేవాడు, కానీ కీర్తన పాడేవాడు కాదు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకునేవాడు. రాత్రిపూట మాత్రం మంచం మీద కూర్చుని ఏదో గొణిగేవాడు. ఒకసారి అడిగాను, నాయనా, ఆయన వింటాడని నీకు నమ్మకముందా అని. చాలాసేపు పలకలేదు. తర్వాత, "ఏమోరా, ఆయప్ప వింటాండాడో లేదో, నేనైతే చెప్తాండా" అన్నాడు.

అప్పుడు నాకది ఓడిపోయిన మనిషి మాటలా వినిపించింది. ఇప్పుడు హబక్కూకు చదివినప్పుడల్లా ఆ గొంతే వినిపిస్తుంది. "నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు" అని మొదలుపెట్టిన ప్రవక్త, చేనిలో పైరు పంటకు రాకపోయినా యెహోవాయందు ఆనందిస్తాను అనే మూడో అధ్యాయానికి చేరాడు. ఆ మధ్యలో వాన పడిందని ఎక్కడా లేదు. మా నాయన మూడో అధ్యాయానికి చేరాడో లేదో నాకు తెలియదు. అప్పు తీరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. గొణగడం మాత్రం చివరి రాత్రి దాకా ఆగలేదు.

కాబట్టి అన్నలారా, అక్కలారా, సాక్ష్యాలు చెప్పుకోండి, కార్డులూ తీసుకోండి, వద్దనను. కానీ వచ్చే ఆదివారం మీ పక్కన ఎవరైనా పాట పాడకుండా నిలబడి ఉంటే, ఏం పాడడం లేదే, విశ్వాసం తగ్గిందా అని మాత్రం అడగొద్దు. పుస్తకం వాళ్ళకు కూడా కనబడేలా కొంచెం పక్కకు పట్టుకోండి.