పెద్దపాడు నుంచి గాజులదిన్నె దాకా

కర్నూలు వచ్చినవాళ్లు కొండారెడ్డి బురుజు చూస్తారు, మంత్రాలయం బస్సెక్కుతారు. నగరం పక్కనే ఉన్న పెద్దపాడుకు వెళ్లేవాళ్లు తక్కువ. నేను పనిగట్టుకుని వెళ్లింది ఆ ఊరికే. ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రిగా చేసిన దామోదరం సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న పుట్టిందక్కడ.

ఆటో దిగి దారి అడుగుతుంటే అరుగు మీదున్న పెద్దామె పలకరించింది. "సంజీవయ్య కోసం వచ్చినారా నాయనా? మా ముసిలోళ్లకు పింఛను పెట్టింది ఆ యప్పే గదా!" ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఈ మాటంత దగ్గరగా ఆయన నాకు కనబడలేదు. వృద్ధులకు పింఛను, అవినీతి నిరోధక శాఖ, రెండూ ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న రెండేళ్లలో వచ్చినవే.

ఆ సందుల్లో నడుస్తున్నంతసేపూ తండ్రి లేని ఒక పిల్లవాడే కళ్లముందు మెదిలాడు. పసితనంలోనే తండ్రి పోయారు. తల్లి సుంకులమ్మ కూలికి వెళ్లింది, ఆ పిల్లవాడు మేనమామ ఊరు పాలకుర్తిలో పశువులు కాచాడు. అక్కణ్ణుంచి కర్నూలు బడి, అనంతపురం దత్తమండల కళాశాల, 1948లో మద్రాసు లా కాలేజీ పట్టా. 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యేనాటికి నలభై కూడా నిండలేదు. ఈ దేశంలో ఏ రాష్ట్రంలోనూ అంతకుముందు దళితుడు ఆ కుర్చీలో కూర్చోలేదు. వెనక ఆస్తి లేదు, వంశం లేదు. అందుకే ఆయన్ని తలుచుకుంటే నాకు ఛాతీ ఉప్పొంగుతుంది.

మళ్లీ కర్నూలు వచ్చి, గాజులదిన్నె చూద్దామని కోడుమూరు మీదుగా గోనెగండ్ల బస్సెక్కాను. 1962లో ఆయన్ని శాసనసభకు పంపింది ఈ కోడుమూరే. ఆ ఏడే ముఖ్యమంత్రి పదవి దిగి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. తర్వాత కేంద్రంలో కార్మిక మంత్రి. 2025లో కొత్త వేతనాల కోడ్ అమల్లోకి వచ్చేదాకా కార్మికుడు చట్టప్రకారం అందుకున్న బోనస్‌కు ఆధారమైన 1965 చట్టం ఆయన హయాంలోదే. 1972 మేలో, యాభై ఒక్క ఏళ్లకే పోయారు. ఇంకో ఇరవై ఏళ్లుంటే ఏం చేసుండేవారో అన్న బాధ నన్నింకా వదల్లేదు.

గాజులదిన్నె జలాశయం హంద్రీ నది మీద ఉంది, దానికి సంజీవయ్య సాగర్ అని పేరు పెట్టారు. కట్ట మీద కలిసిన రైతుని పేరు గురించి అడిగితే, "మా సంజీవయ్యే సార్, ఇంకెవురు?" అని, ఈసారి కాలవకు నీళ్లు ఎప్పుడొదుల్తారో అన్న చర్చలోకి దిగాడు.