పదడుగుల బల్ల

బెంగళూరు మారతహళ్లిలోని ఇంట్లో గోడ పొడవునా మా ఇద్దరికీ ఒకటే బల్ల కావాలనుకున్నాం. గోడ 10 అడుగులు, ప్లైవుడ్ షీటేమో 8 అడుగులే. మొదటిసారి రెండు ముక్కలు అంచుకు అంచు ఆనించి ఫెవికాల్‌తో అతికించాను. మానిటర్లు పెట్టగానే అతుకు దగ్గర కుంగింది. చాలా బాధేసింది.

ఒంగోలు నుంచి మామయ్య ఫోన్లో చెప్పారు, "ఇటుకలు పేర్చినట్టు పేర్చు బాబూ, అతుకు మీద అతుకు రాకూడదు" అని. ఈసారి 18 మి.మీ. షీట్లు రెండు వరసలు వేశాం. కింద 8, 2 అడుగుల ముక్కలు, పైన 5, 5. మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా జిగురు పూసి, కింది నుంచి 30 మి.మీ. స్క్రూలు బిగించాం (36 దాటితే పైకి పొడుచుకొస్తాయి). బరువుకి పైన బియ్యం బస్తాలు పెట్టి ఒక రోజంతా వదిలేశాం.

ఇవాళ తన లాప్‌టాప్ ఆ చివర, నాది ఈ చివర. అతుకు మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కి చూశాను. కదల్లేదు!