అమ్మ జీతం సున్నా

నేను నల్లగొండలో ఒక యూనివర్సిటీలో హోటల్ వ్యాపారం గురించి పాఠాలు చెప్తాను, అంటే రూములు, తిండి, టూరిజం రంగంలో సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకునే పిల్లలకు లెక్కలు, మెలకువలు. చుట్టాలు మాత్రం "వంట నేర్పుతావా?" అని అడుగుతారు. వివరంగా చెప్పే ఓపిక లేక అవుననేస్తాను.

సిలబస్ నిండా స్టార్ హోటళ్ల లెక్కలే. ఆక్యుపెన్సీ, అంటే నూటికి ఎన్ని రూములు నిండాయన్నది, సగటు రూము రేటు, రెవ్‌పార్. నిండినవీ నిండనివీ కలిపి ఉన్న రూములన్నిటి మీద ఒక్కో రూముకు ఎంత వచ్చిందో చెప్పేదే ఈ రెవ్‌పార్. మొన్న అది బోర్డు మీద వేస్తుంటే యాదగిరిగుట్ట పిల్లాడొకడు లేచి, "మేడం, మా మామ లాడ్జిలో స్నానం చేసి దర్శనానికి పోయేటోళ్లకు రూము మూడు నాలుగు గంటలకే ఇస్తరు, ఒక్క రూమే రోజుకు ముగ్గురికి పోతది, మరి ఆక్యుపెన్సీ 300 శాతమా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది కానీ ప్రశ్న చాలా మంచిది. పుస్తకంలో లెక్క రాత్రి మీద నడుస్తుంది, గుట్టలో దర్శనం లైను మీద నడుస్తుంది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, ఆ లాడ్జి లెక్కే అందరం కూర్చుని కట్టాం.

సరే, అసలు సంగతి అది కాదు. ప్రతి సెమిస్టర్ పిల్లలతో బిజినెస్ ప్లాన్ రాయిస్తాను. నార్కట్‌పల్లి హైవే మీద ధాబా, మిర్యాలగూడలో బిర్యానీ పాయింట్, సాగర్ వెళ్లే దారిలో ఫ్యామిలీ రెస్టారెంట్, ఇలా ఉంటాయి. తిండి అమ్మాలంటే చేయించుకోవాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఫీజు కూడా మర్చిపోకుండా రాస్తారు, సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర కార్లు ఆగిపోతే ఎంత అమ్ముడుపోతుందో కూడా ఊహిస్తారు. జీతాల పట్టిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకే తంతు. వెయిటర్‌కు ఇంత, గిన్నెలు కడిగేవాళ్లకు ఇంత, వంట మనిషి దగ్గర సున్నా. ఏందిరా ఇది అంటే "అమ్మ చేస్తది మేడం." అమ్మకు పది రోజులు జ్వరమొస్తే? బిర్యానీ పాయింట్ పిల్లాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పెద్దమ్మ ఉంది మేడం."

నా పరిశోధన కూడా ఆ సున్నా మీదే. దేవరకొండ రోడ్డు వైపు సాయంత్రాలు జొన్న రొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లు ఉంటారు కదా, వాళ్లలో కొందరి దగ్గర నెలల తరబడి కూర్చుని రాసుకున్నాను. ఒక అక్క సంగతి చెప్తాను, పేరెందుకు. మొగుడితో పూణెకు పోయి బిల్డింగు పనుల్లో కొన్నేళ్లు చేసి, కరోనాలో తిరిగొచ్చి ఇక్కడే ఆగిపోయింది. 2020లో వీధి వ్యాపారులకు కేంద్రం పీఎం స్వనిధి కింద మొదటి విడత పదివేల అప్పు పెట్టింది చూడండి, దాంతో పెద్ద పెనం, సిలిండరు కొనుక్కుని మొదలుపెట్టింది.

నెలకు ఎంత మిగులుతుందక్కా అంటే టకీమని ఒక అంకె చెప్పింది. పిండి, గ్యాసు, కవర్లు పోగా చేతిలో ఉండేది అది. నేను ఊరుకుంటానా, మధ్యాహ్నం రెండింటికి కూర మొదలుపెట్టిన దగ్గర్నుంచి రాత్రి పదింటికి పెనం కడిగేదాకా ఆమె గంటలు, బడి నుంచి వచ్చి కవర్లు కట్టే కొడుకు గంటలు అన్నీ రాసి, పత్తి తీసే కూలి రేటు వేసి చూపించాను. లాభం ఎగిరిపోయి ఎదురు నష్టం తేలింది. అకౌంట్స్ లాభం వేరు, మన కష్టానికి కూడా ఖరీదు కట్టాక మిగిలే లాభం వేరు అని క్లాసులో చెప్పే ముక్కే. నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఆమె రొట్టె తిప్పుతూనే అంది, "పత్తి మూడు నెల్లే ఉంటది మేడం. మిగిలిన తొమ్మిది నెలలు నాకు గా కూలి ఎవరిస్తరు? ఈడైతే పిల్లగాడు కండ్ల ముందట ఉంటడు. దానికేం రేటు ఏస్తవు?"

దానికి నా దగ్గర రేటు లేదు. కూలిని ఏడాది పొడవునా పరిచి సరాసరి తీస్తే నష్టం కాస్తా మళ్లీ లాభమైంది, బొటాబొటిగా. ఇంకో చిక్కు చూడండి. పిండి ఒకటే తడుపుతుంది, మొదటి ఆరు రొట్టెలు ఇంట్లోకి, అత్తకు, పిల్లలకు, ఆ తర్వాతవి అమ్మకానికి. మొదటి ఆరూ ఇంటి పని, ఏడోది వ్యాపారం. సర్వేల్లో ఈ రెండిటికీ వేరు వేరు గడులు ఉంటాయి, ఇంటివాళ్లకు వండితే జీతం లేని ఇంటి పని, అమ్మడానికి వండితే ఉపాధి. ఆరో రొట్టెకూ ఏడో రొట్టెకూ మధ్య ఆమె చెయ్యి మాత్రం ఆగదు. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాను ఒకరోజు, సిగ్గు లేకుండా. చివరికి రొట్టెల సంఖ్యను బట్టి గంటలు పంచాను. ఇది సరైన పద్ధతని నేనే నమ్మను, కానీ సున్నా రాయడం కన్నా నయం.

పోయిన నెల వెళ్తే రొట్టె 15 నుంచి 18 అయింది. పద్దెనిమిదేందక్కా అంటే, ఇప్పుడందరూ స్కాన్ చేస్తున్నరు, చిల్లర లొల్లి లేదు కదా అంది. నోటు ఇచ్చేవాళ్లు మాత్రం ఇరవై ఇచ్చి, రెండు రూపాయలకు ఇంకో చెంచా పచ్చడి వేయించుకుంటున్నారట. రేటు పెంచడం నా లెక్క చూసేనా అని అడగబోయాను. పిండి రేటు పెరిగిందని ముందే చెప్పేసింది.

నేను రాసుకుంటుంటే పక్కన స్టూలు మీద కొడుకు కవర్లు విప్పుతూ అడిగాడు, "మేడం, మీరు రోజూ ఈడ కూసుంటే మీకు పైసలిస్తరా?" నేను పీరియడ్ లెక్కన డబ్బులు తీసుకునే మనిషిని. క్లాసులో నిలబడ్డ గంటకే బిల్లు, అది కూడా ఎప్పుడో నెలల తర్వాత వస్తుంది. ఇక్కడ కూర్చున్న సాయంత్రాలు, ఇంటికెళ్లి టైప్ చేసిన రాత్రులు ఏ బిల్లులోనూ లేవు. లేదురా అన్నాను. వాడు వాళ్లమ్మ వైపు చూశాడు, ఆమె నవ్వింది, నా ప్లేట్లో ఇంకో రొట్టె వేసి "ఇది ఇంటి లెక్కల రాస్కో" అంది.