ఎకరమంత పళ్లెం, గుంటంత కూర

నిన్న మా పెళ్లిరోజని చిన్నోడు మమ్మల్ని నల్లగొండ నుంచి పిలిపిచ్చి హైదరాబాద్‌ల ఒక పెద్ద స్టార్ హోటల్‌ల భోజనం పెట్టిచ్చిండు. ముగ్గురికి బిల్లు పదకొండు వేలు దాటింది.

పళ్లెం ఎకరమంత, అందుల కూర గుంటంత. "ఇది తిననీకా, చూడనీకా?" అని మా ఆమె నా చెవుల అడిగింది. మటన్ మాట మాత్రం ఒప్పుకోవాలె. సన్నటి సెగ మీద గంటలకొద్ది ఉడికిచ్చిన్రట, ముట్టంగనే ఎముక విడిచింది. మా ఇంట్ల గట్ల వండితే సిలిండర్ వారానికే అయిపోతది.

బిల్లుల 18 శాతం జీఎస్టీ. గది కిరాయి రోజుకు 7,500 దాటే హోటల్‌ల తిండికి గంతేనట. మా గడియారం సెంటర్ కాడ టిఫిన్ తింటే 5 శాతమే. దాని మీద సర్వీస్ చార్జ్. అది బలవంతంగ వెయ్యొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లనే చెప్పింది కద, తీసెయ్యమన్న. చిన్నోడు సిగ్గుతోని తల దించుకున్నడు గానీ, వాళ్లు మారుమాట లేకుంట తీసేసిన్రు.

మళ్ల పోతవా అంటే, నా పైసలతోనైతే పోను. కానీ మా ఆమె ఇంట్ల అందరికంటె ముందు కూసోని, ఒకరు వడ్డిస్తే తిన్నది నేనెన్నడు చూడలే. నిన్న రెండు గంటలు కూసుంది. నీళ్ల గ్లాసు సుత తనే నింపుకోలే. దండగ అననీకి నోరు రాలేదు.

నార్కట్‌పల్లి దాటంగనే "ఆకలైతుందయ్యా" అన్నది. ఇంట్ల పొద్దుటి జొన్నరొట్టెలు రెండున్నయ్. పచ్చిపులుసుల ముంచుకొని తిన్నం.