పిల్లల్ని ఏడిపించకుండా థియేటర్‌లోకి – మత్తు డాక్టరుగా నా అనుభవం

హెర్నియా, సున్తీ లాంటి చిన్న ఆపరేషన్లకి వచ్చేవాళ్లలో ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలే అమ్మ కొంగు వదలరు. ఆరు నెలల లోపు పాపలకి కొత్త ముఖాల బెదురు ఇంకా మొదలవదు, వాళ్లకి ముందుగా ఏ మందూ ఇవ్వను.

పెద్ద పిల్లల బెదురు తగ్గించడానికి నేను ఎక్కువగా వాడేది నోట్లో పోసే మిడజోలం అనే మగత మందు. కిలోకి 0.5 మి.గ్రా., ఎంత బరువున్నా 15 మి.గ్రా. దాటను. తాగించేది ఇంజెక్షన్ మందే, అది రెండు బలాల్లో వస్తుంది. 12 కిలోల బిడ్డకి కావలసిన 6 మి.గ్రా., మి.లీ.కి 1 మి.గ్రా. ఉన్న సీసాలోంచైతే 6 మి.లీ., 5 మి.గ్రా. ఉన్నదాంట్లోంచైతే 1.2 మి.లీ. సీసా చూడకుండా లాగితే ఐదు రెట్లు ఎక్కువ మందు లోపలికి పోతుంది. అందుకే సిరంజి మీద మిల్లీగ్రాములు రాయిస్తాను, బిడ్డ తాగేదాకా ఖాళీ సీసా పారేయనివ్వను.

మందు పరమ చేదు. పారాసిటమాల్ సిరప్ కిలోకి 15 మి.గ్రా. లెక్కన కలిపితే చేదు కొంత విరుగుతుంది, తర్వాత నొప్పికీ పనికొస్తుంది. కేస్ షీట్‌లో రాయడం మరిస్తే మాత్రం వార్డులో రెండో డోసు పడుతుంది. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, సూది లేని సిరంజితో బుగ్గ లోపలికి కొద్దికొద్దిగా వదలాలి. ఉమ్మేస్తే మళ్లీ మొత్తం డోసు పోయకూడదు. ఎంత మింగిందో ఎవరికీ తెలియదు.

మందు పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం గడియారమే. 20–30 నిమిషాలు ఆగాలి. పదో నిమిషానికే ఎత్తుకుపోతే ఏడుపే. ముందు కేసు సాగి ముప్పావు గంట దాటినా మత్తు దిగిపోవడం మొదలవుతుంది. అందుకే ముందు కేసులో కుట్లు మొదలయ్యాకే పోయిస్తాను. ఆ తర్వాత బిడ్డని నేల మీద నడవనివ్వకూడదు, వేలికి ఆక్సిజన్ మీటరు ఉండాలి, ఆక్సిజనూ మాస్కూ బ్యాగూ మంచం పక్కనే ఉండాలి. కొందరు పిల్లలు మిడజోలంతో నెమ్మదించకపోగా ఇంకా రెచ్చిపోతారు. వాళ్లకి ఇంకో డోసు ఇవ్వడం తప్పు.

ముక్కులో పిచికారీ చేసే డెక్స్‌మెడిటోమిడిన్ అనే మరో మగత మందు నాకు ఇంకా నచ్చుతుంది, మంట పుట్టదు. కిలోకి 2 మైక్రోగ్రాములు. మి.లీ.కి 100 మైక్రోగ్రాముల మందు నీళ్లు కలపకుండా, 12 కిలోలకి 0.24 మి.లీ., రెండు ముక్కుల్లోకి చెరిసగం. పిచికారీ గొట్టంలో 0.1 మి.లీ. దాకా మిగిలిపోతుంది కనుక అదీ కలిపి తీయాలి. చీమిడి ఉంటే ముందు తుడవాలి. 30–45 నిమిషాలు పడుతుంది. నాడి నెమ్మదిస్తుంది కాబట్టి గుండె జబ్బున్న పిల్లలకి ఇవ్వను. వచ్చేది మామూలు నిద్ర లాంటిదే, గట్టిగా కదిపితే లేచిపోతారు.

టాన్సిల్స్ పెరిగి రాత్రిళ్లు గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగే పిల్లలకి ఇవేవీ వార్డులో ఇవ్వను. అమ్మనే థియేటర్ గౌను తొడిగి లోపలికి రమ్మంటాను.