వొలాస్త్రా మీదుగా నడవండి

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లోనే కాదు, ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇటలీ వెళ్ళొచ్చేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. అందరి ప్లానూ దాదాపు ఒకటే. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, మధ్యలో ఒక్కరోజు చింక్వే తెర్రె. పొద్దున రైలెక్కి, ఐదు ఊళ్ళలోనూ దిగి ఫొటోలు తీసుకుని, రాత్రికి హోటల్‌కి తిరిగొచ్చేయడం. నన్ను అడిగినవాళ్ళందరికీ చెబుతున్నదే ఇక్కడా రాస్తున్నాను. ఆ ఒక్కరోజూ సముద్రం ఒడ్డునే గడిపేయకండి. పైన కొండ మీదున్న వొలాస్త్రా అనే ఊరి వైపు వెళ్ళండి. ఆ ఊళ్ళు ఎలా బతికాయో తెలిసేది కొండ మీదే.

తెలియనివాళ్ళకి రెండు మాటల్లో చెప్తాను. ఇటలీ వాయవ్యంలో, లిగూరియా తీరంలో లా స్పేత్సియా పట్నం దాటగానే వరసగా ఐదు ఊళ్ళు వస్తాయి: రియోమజ్జోరె, మనరోలా, కోర్నీల్యా, వెర్నాత్సా, మొంతెరోస్సో. కొండలు నిటారుగా సముద్రంలోకి దిగిపోతాయి. మొంతెరోస్సోలో తప్ప చెప్పుకోదగ్గ చదును నేలే లేదు. కోర్నీల్యా అయితే ఒడ్డున కూడా లేదు, దాదాపు 100 మీటర్ల ఎత్తున కొండకొమ్ము మీద కూర్చుని ఉంటుంది. 1870ల్లో రైలు వచ్చేదాకా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే పడవ, లేదంటే కాలినడక. ఈరోజు మనం ట్రెక్కింగ్ అని నడిచే బాటల్లో చాలావరకు ద్రాక్ష బుట్టలు మోసుకుంటూ మనుషులూ, కంచర గాడిదలూ నడిచిన దారులే. ఐదు ఊళ్ళకీ కొండ పైన తలా ఒక మేరీమాత గుడి ఉంది. తీర్థానికి వెళ్ళే దారులు కూడా ఇవే.

నేను సివిల్ ఇంజినీర్‌ని. రిటైనింగ్ వాల్స్ డిజైన్ చేయడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. వైట్‌ఫీల్డ్ అవతల పల్లంలో లేఅవుట్ వేసినా, కనకపుర రోడ్డులో గుట్ట తవ్వి ఇళ్ళు కట్టినా, మట్టిని ఆపడానికి ఒక గోడ కావాలి. ఆ గోడకి మట్టి కంటే పెద్ద శత్రువు నీళ్ళు. వానకి వెనక మట్టి నాని బరువెక్కి, నీళ్ళు పోయే దారి లేకపోతే ఎంత మందం కాంక్రీటు గోడైనా ముందుకి తోసుకొస్తుంది. అందుకే వీప్ హోల్స్ అని గోడలో పైపులు పెడతాం, వెనకాల కంకర నింపుతాం. సైట్లో ఎప్పుడూ గొడవపడేది నేను ఈ పైపుల గురించే.

చింక్వే తెర్రె కొండల మీద ఆ గొడవే లేదు. అక్కడి గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చుకుంటూ పోయారంతే. గోడంతా సందులే కాబట్టి నీళ్ళు ఎక్కడికక్కడ బయటికి కారిపోతాయి. ఇలాంటి గోడలతో కొండని కింది నుంచి పైదాకా మళ్ళు మళ్ళుగా మలిచి, మట్టి నింపి, ద్రాక్ష, ఆలివ్ పెంచారు. దాదాపు వెయ్యేళ్ళ పని అది. ఎవరో ఒక రాజు ఆజ్ఞ ఇచ్చి కట్టించింది కాదు, రైతులు తరం తర్వాత తరం కట్టుకుంటూ వచ్చారు. 1997లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఈ కొండల కోసం కూడా. రెండేళ్ళకి, 1999లో, జాతీయ పార్కు చేశారు. ఇలా సున్నం లేకుండా రాతిగోడ కట్టే పనితనాన్ని 2018లో యునెస్కో విడిగా గుర్తించింది. ఇటలీతో పాటు గ్రీస్, క్రొయేషియా, స్పెయిన్ లాంటి దేశాలకి కలిపి ఇచ్చిన గుర్తింపు అది.

మాది కదిరి దగ్గర పల్లె. మా తాత చేను గుట్ట వాలులో ఉండేది. వాన వెలిసిన మర్నాడు ఆయన మొదట చూసేది పైరుని కాదు, రాతి కట్టని. ఎక్కడ జారిందో చూసుకుని, రాళ్ళు ఏరి మళ్ళీ పేర్చేవాడు. ఆయన పోయాక ఆ పని ఎవరూ చేయలేదు. ఇప్పుడక్కడ కట్టా లేదు, మట్టీ లేదు, చేనంతా గులకరాళ్ళు తేలింది. కాబట్టి మనరోలాలో తలెత్తి ఆ కొండని చూసినప్పుడు నాకు ముందు కనపడింది అందం కాదు. ఇంత పొడవున ఎవరు చూసుకుంటున్నారు ఈ కట్టల్ని అన్న ఆందోళన.

నేనూ, మా ఆయనా, మా అబ్బాయీ, చెన్నై నుంచి వచ్చిన మా వదినా కలిసి వెళ్ళాం. సెప్టెంబరు నెల, ద్రాక్ష కోతల కాలం. వదినకి మోకాళ్ళ నొప్పి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి: మనరోలా నుంచి వొలాస్త్రాకి చిన్న బస్సు ఉంది. నడిచి ఎక్కితే మూడు వందల మీటర్లకి పైగా ఎత్తు, దారంతా రాతి మెట్లే. ఆయనా, అబ్బాయీ మెట్ల దారిన ఎక్కారు, నేనూ వదినా బస్సెక్కాం. వెళ్ళే ముందు మేం ముగ్గురం నంది హిల్స్‌కి సుల్తాన్‌పేట వైపు నుంచి మెట్ల మీద ఎక్కడం ప్రాక్టీస్ చేశాం. వదిన చెన్నైలో చదును రోడ్ల మీదే నడిచింది, అదీ సరిపోయింది.

వొలాస్త్రా చిన్న ఊరు. గుడి దాటగానే బాట ద్రాక్ష మళ్ళలోకి వెళ్తుంది. అక్కడి నుంచి కోర్నీల్యా వైపు నడుస్తుంటే కుడిచేతి వైపు పై మడి గోడ, ఎడమచేతి వైపు ఎక్కడో కింద సముద్రం. మీరు నడిచేది కింది మడి గోడ తల మీద. బాట అని వేరే లేదు, గోడ తలే బాట. చాలాచోట్ల ఇద్దరు పక్కపక్కన పట్టరు, ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు గోడకి ఆనుకుని నిలబడాలి. సముద్రం గాలికి ద్రాక్ష తీగలు దెబ్బతినకుండా పందిళ్ళు చాలా కిందికి వేస్తారు. కోసేవాళ్ళు నడుం వంచి, ఒక్కోచోట గొంతుకూర్చుని, పందిరి కిందికి దూరి కోస్తున్నారు. కోసిన పళ్ళు ప్లాస్టిక్ క్రేట్లలో పెట్టి ఒంటి పట్టా రైలు మీదికి ఎక్కిస్తారు. రైలంటే ఒకే ఒక ఇనుప పట్టా, దాని మీద మోటారు, వెనక చిన్న తొట్టెలు. కొండ వాలున నిట్టనిలువుగా పాకుతుంది. అది రాకముందు ఈ బరువంతా తల మీదా వీపు మీదా మోసినదే.

ఒక మలుపులో పైగోడ కూలి సగం బాట మీద పడి ఉంది. డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన, పక్కన ఒక కుర్రవాడు, దాన్ని మళ్ళీ కడుతున్నారు. మేం అక్కడ చాలాసేపు నిలబడిపోయాం. ముందు పడిన రాళ్ళన్నీ తీసి సైజు వారీగా మూడు కుప్పలు పోశారు. పునాదికి పెద్దవి. పెద్దాయన ప్రతి రాయీ పొడవు కొండలోపలికి వెళ్ళేలా, పొట్టి వైపు మనకి కనపడేలా పెడుతున్నాడు. చూడ్డానికి చిన్న రాయిలా కనిపించేది లోపల రెండు మూరలు ఉంటుంది. అతుకు మీద అతుకు రానివ్వడు. రెండు వరసలు లేవగానే ఆగి, వెనక సందులో చిన్న చిన్న రాతి పలుకులు సుత్తితో కొట్టి బిగించి, అప్పుడే తర్వాతి వరస. గోడ మొత్తం కొంచెం కొండ వైపుకి వాలి ఉండాలి. దానికాయన తాడు కట్టలేదు, కంటితోనే చూసుకుంటున్నాడు. వెనక నింపిన ఆ పలుకులే నేను సైట్లో రోజూ పోట్లాడి వేయించే కంకర.

మా వదిన ఊరుకోలేదు. ఒక రాయి తీసి అందించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి పక్కన పెట్టి, వేలితో ఇంకోటి చూపించాడు. అది ఇస్తే సరిగ్గా కూర్చుంది. "చూశావా, ఆ రాయి ఎక్కడిదో ఆయనకి ముందే తెలుసు" అంది వదిన.

ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ పెట్టి, ఎందుకు కూలిందని అడిగాను. రెండు కారణాలు చెప్పాడు. అడవి పందులు రాత్రిపూట వచ్చి మట్టి తవ్వుతాయి. రెండోది, చేత్తో పైకి చూపించాడు. పై మడి వాళ్ళు సాగు మానేశారు. అక్కడ కాలవలు పూడిపోయి, నీళ్ళన్నీ ఒకేచోట దిగుతున్నాయి. తన గోడ తను ఎంత బాగా చూసుకున్నా పైవాడు వదిలేస్తే ఆగదు.

పైవాళ్ళు మానేయడానికి కారణం కూడా ఆ కొండ కిందే ఉంది. లా స్పేత్సియాలో 1869లో నౌకాదళానికి ఓడలు కట్టే, బాగుచేసే కార్ఖానా తెరిచారు, ఆ తర్వాత రైలు వచ్చింది. నెల జీతం వస్తుంటే నిటారు కొండ మీద రాళ్ళు మోసేదెవరు? మా కదిరి వైపు నుంచి బెంగళూరుకి వచ్చినవాళ్ళం మేమంతా కూడా అలాగే వచ్చాం, కాబట్టి వాళ్ళని తప్పుపట్టే ఆలోచన నాకు రాలేదు. ఈ వందేళ్ళలో సాగు ఎంతగానో తగ్గిపోయింది. వదిలేసిన మళ్ళలో పొదలు, పైన్ చెట్లు మొలిచాయి. దూరం నుంచి చూస్తే పచ్చగా బాగుందే అనిపిస్తుంది. దగ్గరికెళితే ఆకుల కింద ఉబ్బిన గోడలు కనపడతాయి.

2011 అక్టోబరు 25న ఏం జరిగిందో వెర్నాత్సాలో ఎవరినడిగినా చెప్తారు. కొన్ని గంటల్లో కుండపోత వాన. కొండల మీది మట్టీ రాళ్ళూ వాగులో పడి ఊరి మెయిన్ వీధిలోకి దిగాయి. కింది అంతస్తులు బురదలో పూడిపోయాయి, మనుషులు పోయారు. మొంతెరోస్సో కూడా దెబ్బతింది. ఆ తర్వాత పరిశీలించినవాళ్ళు తేల్చింది ఏమిటంటే, ఎక్కువగా జారినవి సాగు మానేసి మరీ ఎక్కువ కాలం కాని మళ్ళు. గోడని చూసేవాళ్ళు పోయారు, మట్టిని పట్టుకునే అడవి ఇంకా రాలేదు. ఆ మధ్యకాలమే ప్రమాదం. మరుసటి ఏడాది సెప్టెంబరులో రియోమజ్జోరె, మనరోలా మధ్య తీరం బాట, వియా దెల్లామోరె, మీద రాళ్ళు పడి టూరిస్టులు గాయపడ్డారు. కిలోమీటరు కూడా లేని ఆ బాట మళ్ళీ పూర్తిగా తెరుచుకున్నది 2024లో. దానికి ముందే టైమ్ బుక్ చేసుకోవాలి.

ఇక పనికొచ్చే విషయాలు. మొంతెరోస్సో నుంచి వెర్నాత్సా మీదుగా కోర్నీల్యా దాకా తీరం బాటకి చింక్వే తెర్రె కార్డు కొనాలి. పై బాటలకి టికెట్ లేదు. కర్ణాటకలో ఇప్పుడు చాలా ట్రెక్‌లకి ఆన్‌లైన్‌లో కట్టే వెళ్తున్నాం కాబట్టి మనకి ఈ పద్ధతి కొత్త కాదు. ఎరుపు తెలుపు పట్టీల గుర్తులు రాళ్ళ మీదా గోడల మీదా ఉంటాయి, దారి తప్పరు. మంచి పట్టున్న బూట్లు వేసుకోండి, రబ్బరు చెప్పులతో వెళితే ఫైన్ వేస్తారు. వాన హెచ్చరిక ఉన్నరోజు బాటలు మూసేస్తారు, ఆరోజు వాదించకండి. జులై, ఆగస్టుల్లో ఎండ, జనం రెండూ ఎక్కువ.

శాకాహారులకి టెన్షన్ అక్కర్లేదు. ఫరీనాతా అని శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. లిగూరియా అంతా దొరుకుతుంది. ఫొకాచ్చా రొట్టె ఉండనే ఉంది. మేం కందిపొడి తీసుకెళ్ళాం, ఆలివ్ నూనెలో కలిపి ఫొకాచ్చాకి రాసుకుంటే బ్రహ్మాండంగా ఉంది. బేసిల్ ఆకుల పచ్చడి పెస్తోలో వేసే చీజ్‌లో, పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్ళు ముందే అడగండి.

డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదాంట్లో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. స్టేషన్ బయట ఫ్రిజ్ మాగ్నెట్లు కొనడానికి పోసే డబ్బు పైన మళ్ళలోకి వెళ్ళాలి. మనరోలా నుంచి వొలాస్త్రా వెళ్ళే దారిలో గ్రొప్పో అనే చోట రైతుల సహకార సంఘం వాళ్ళ వైన్ కేంద్రం ఉంది. కోసిన ద్రాక్షని వారాల తరబడి నీడలో ఆరబెట్టి షక్కెత్రా అనే తియ్యటి వైన్ చేస్తారు. పళ్ళు ఎండిపోతాయి కాబట్టి రసం కొంచెమే వస్తుంది, అందుకే ఖరీదు. నేను తాగను, అయినా మా ఆఫీసులో ఇవ్వడానికి అక్కడే కొన్నాను. సీసా అమ్ముడుపోతే ఆ రైతుకి వచ్చే ఏడాది గోడ కట్టుకోవడానికి ఓపిక ఉంటుంది.

ఒక్కరోజే ఉందంటే ఇలా చేయండి. పొద్దున్నే మనరోలాలో దిగి, కాళ్ళలో సత్తువ ఉంటే మెట్లు, లేకపోతే బస్సు. వొలాస్త్రా నుంచి కోర్నీల్యాకి తీరిగ్గా నడిచినా మధ్యాహ్నానికి చేరిపోతారు. చివర్లో దిగుడు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కర్ర పట్టుకోండి. కోర్నీల్యాలో తిని, స్టేషన్‌కి లార్దరీనా అనే మెట్ల దారిన దిగండి. 380 దాకా మెట్లుంటాయి. దిగలేనివాళ్ళకి అక్కడా బస్సుంది. రైలెక్కితే వెర్నాత్సా కొన్ని నిమిషాలే, సాయంత్రం అక్కడ గడపండి. రెండోరోజు కూడా ఉంటే మొంతెరోస్సో, వెర్నాత్సా మధ్య బాట పెట్టుకోండి, నిమ్మతోటల మధ్య రెండు గంటల నడక.

నా దగ్గర కాగితం మ్యాప్ ఉంది. గోడలు కూలినచోట్లు, నీళ్ళు దొరికేచోట్లు పెన్సిల్‌తో గుర్తుపెట్టాను. బెంగళూరులో ఉన్నవాళ్ళు ఎవరికైనా కావాలంటే ఇస్తాను. వెళ్ళొచ్చాక మీరు చూసిన కొత్త గోడలు కూడా గుర్తుపెట్టి తిరిగివ్వండి. ఆ పెద్దాయన గోడ వొలాస్త్రా దాటాక ఉంది, పూర్తయిందో లేదో ముందు అది చూసి చెప్పండి.